డి విటమిన్ గోళీలు: ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు

నాందేడ్‌లో ఎండకు కరువు లేదు. అయినా ‘డి విటమిన్ తక్కువ’ అని రాసిన రిపోర్టు పట్టుకుని సంఘానికి వచ్చి అడిగే పెద్దలు ఎక్కువయ్యారు. అందుకే తెలిసిన వివరాలు ఒకచోట పెడుతున్నాము. మేము వైద్యులము కాము. మందు విషయంలో డాక్టరు మాటే చివరి మాట.

ఎండ దేశంలో ఈ లోటు ఏమిటన్నది పాత ప్రశ్నే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం పట్టణవాసులను, చుట్టుపక్కల పల్లెవాసులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. పొలం పని చేసేవారికి పట్నంవారికంటే డి మెరుగ్గానే ఉన్నా, వారిలోనూ లోటు కనిపించింది. అందరి తిండిలో కాల్షియం తక్కువ. పైగా ధాన్యాల్లో ఉండే ఫైటేట్ ఆ కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. దుకాణంలో, కుట్టుమిషను ముందు, వంటింట్లో పగలు గడిపే మన సంగతి వేరే చెప్పాలా?

పొద్దుటి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ డి తయారుచేసే కిరణాలు అందులో తక్కువ. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అవి అసలు చేరవు. సులువైన గుర్తు ఒకటుంది: మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండ పనికొస్తుంది. మన ఊళ్లో మే నెలలో తొమ్మిదిన్నరకే నీడ అలా అవుతుంది, కాబట్టి మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తెచ్చుకోనక్కరలేదు. డిసెంబరులో మాత్రం పన్నెండు గంటల ప్రాంతంలోనే. చేతులు, ముఖం, కాళ్లు తగిలేలా ఇరవై ముప్పై నిమిషాలు, వారంలో కొన్ని రోజులు చాలు. నల్లని ఒంటికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.

ఇక అసలు జాగ్రత్త గోళీ దగ్గర. డాక్టర్లు తరచుగా రాసేది 60,000 యూనిట్ల గోళీ లేదా పాలలో కలిపే పొడి. చీటీ మీద ‘60కె’ అని ఉంటుంది. ఇది వారానికి ఒకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. మరాఠీలో ‘ఆఠవడ్యాతూన్ ఏకదా’ అని చెప్పిన మాట చెవిన సరిగా పడకపోతే, బీపీ గోళీతో కలిపి రోజూ వేసుకునే ప్రమాదం ఉంది. అలా అయితే ఏడింతలు లోపలికి వెళ్తుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా పెద్దవారు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదని అమెరికా వైద్య సంస్థ 2010లో చెప్పింది. ఇంట్లో పెట్టుకున్న డబ్బాతో ఈ లెక్క పోల్చి చూడండి.

డి కొవ్వులో కరిగేది, ఒంట్లో నెలల తరబడి నిలవ ఉంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికి మూత్రం, మాట తడబడటం, చివరకు మూత్రపిండాలు దెబ్బతినడం దాని గుర్తులు. వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా గోళీ ఆపి, వెంటనే డాక్టరును కలవాలి. కిడ్నీలో రాళ్లున్నవారు, క్షయ మందులు వాడుతున్నవారు, గుండెకు డిగాక్సిన్ తీసుకునేవారు మొదలుపెట్టే ముందే ఆ మాట చెప్పాలి. మా సలహా ఒకటే: వారపు గోళీని రోజువారీ మందుల డబ్బాలో పెట్టకండి. గోడమీది క్యాలెండర్‌లో ఆదివారం గడికి గీత పెట్టి, అన్నం తిన్నాక వేసుకోండి.

పరీక్ష పేరు 25 హైడ్రాక్సీ విటమిన్ డి. 20 నానోగ్రాములకంటే తక్కువైతే లోటుగా చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారందరూ ఊరికే చేయించుకోనక్కరలేదని అంతర్జాతీయ హార్మోన్ వైద్యుల సంఘం 2024లో చెప్పింది. కింద కూర్చుని లేవలేకపోవడం, మెట్లెక్కితే తొడలు పట్టేయడం, ఎముకల్లో సన్నని నొప్పి, పిల్లల కాళ్లు వంకరపోవడం ఉంటే వాతమనుకోకుండా డాక్టరుకు చూపించాలి.

డి ఉన్నా కాల్షియం లేకపోతే ఎముకకు లాభం తక్కువ. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పాలు, పెరుగుతో పాటు తైదలు వాడండి. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. ఇక్కడి బజారులో ‘నాచణీ’ అని అడగాలి. నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఫైటేట్ కూడా తగ్గుతుంది.