తాచుపాము నుంచి రైలుబండి దాకా

ఎదురెదురుగా వస్తున్న ఇద్దరి మధ్య దూరాన్ని వాళ్ల వేగాల మొత్తంతో భాగిస్తే ఎంతసేపటికి కలుస్తారో తెలుస్తుంది. ఒకే దిక్కున పోతుంటే వేగాల తేడాతో భాగించాలి. పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘కాలం–దూరం’ అధ్యాయానికి ప్రాణమైన ఈ సూత్రం ఆర్యభటీయం గణితపాదంలో ఒకే ఒక్క శ్లోకంలో ఉంది. ఆ గ్రంథం 499 నాటిది. ఆర్యభటుడికి బాటసారుల లెక్కతో పెద్దగా పని లేదు, ఆయనకు కావలసింది గ్రహాల లెక్క. రెండు గ్రహాలు ఎప్పుడు ఒకచోట కలుస్తాయో చెప్పాలంటే ఆ రెండింటి వేగాల తేడా తెలియాలి. వాటిలో ఒకటి వక్రగతిలో, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తూ, ఉంటే తేడా బదులు మొత్తం తీసుకోవాలి.

చైనాలో అంతకంటే ముందే గుర్రాల లెక్క ఉంది. సుమారు రెండువేల ఏళ్ల నాటి ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే గణిత గ్రంథంలో మేలుజాతి గుర్రం, నాసిరకం గుర్రం చాంగాన్ నగరం నుంచి 3000 లీల (‘లీ’ చైనా దూరపు కొలత) దూరంలోని చీ రాజ్యానికి ఒకేసారి బయలుదేరతాయి. మొదటిది తొలిరోజు 193 లీలు నడిచి, ఆపై రోజుకు 13 లీలు పెంచుకుంటుంది. రెండోది 97 లీలతో మొదలై రోజుకు అర లీ తగ్గుతుంది. మంచి గుర్రం చీ చేరి వెనక్కి తిరిగి వస్తూ రెండోదాన్ని ఎప్పుడు కలుస్తుంది? జవాబు 15 రోజులు, పైన ఒక రోజులో 135/191 వంతు. గుర్రాల లెక్కకు ఇంత ఖచ్చితత్వం ఎందుకో గ్రంథకర్తకే తెలియాలి.

మన దేశంలో ఈ లెక్కలకు కథలు తొడిగిన ఘనుడు మహావీరాచార్యుడు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, ఈ జైన గణితవేత్త గణితసారసంగ్రహం రాశాడు. అందులో 80 అంగుళాల నల్లతాచు ఒకటి పుట్టలోకి దూరుతుంటుంది. 5/14 రోజులో ఏడున్నర అంగుళాలు లోపలికి పోతుంది. అయితే పావు రోజుకు 11/4 అంగుళాల చొప్పున దాని తోక పెరుగుతూ ఉంటుంది! మొత్తం పాము ఎప్పటికి లోపలికి పోతుంది?

భిన్నాలు చూసి బెదిరిపోనక్కర్లేదు. రెండింటినీ రోజు లెక్కలోకి మార్చాలి. దూరే వేగం రోజుకు 21 అంగుళాలు, తోక పెరిగే వేగం 11. రెండూ ఒకదానికొకటి అడ్డం కాబట్టి నికరంగా లోపలికి పోయేది రోజుకు 10 అంగుళాలే. 80ని 10తో భాగిస్తే 8 రోజులు. ఏటికి ఎదురీదే పడవ లెక్క కూడా ఇదే. గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన 11వ శతాబ్దంలో సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకు అది తొలినాటి నమూనా.

ఇంతవరకు చెప్పినవాటిలో ప్రతి రకం లెక్కకూ ఒక సూత్రం ఉంటుంది. సూత్రం గుర్తుంటే లెక్క వస్తుంది, లేకుంటే లేదు. తెలియనిదాన్ని అక్షరంగా పెట్టి సమీకరణం రాసే పద్ధతి స్థిరపడ్డాక ఆ బెడద తగ్గింది. న్యూటన్ కేంబ్రిడ్జి పాఠాలు 1707లో ‘అరిథ్మెటికా యూనివర్సాలిస్’గా అచ్చయ్యాయి. అందులో 59 మైళ్ల ఎడంలో ఉన్న ఇద్దరు వార్తాహరులు ఎదురెదురుగా బయలుదేరతారు. ఒకడు 2 గంటలకు 7 మైళ్లు, రెండోవాడు 3 గంటలకు 8 మైళ్లు నడుస్తాడు. రెండోవాడు గంట ఆలస్యంగా కదులుతాడు. కలిసేలోపు మొదటివాడు ఎన్ని మైళ్లు నడుస్తాడు?

అది x అనుకుంటే రెండోవాడి వాటా 59–x. మొదటివాడికి పట్టే కాలం 2x/7, రెండోవాడికి 3(59–x)/8. ఈ రెండు కాలాలకూ తేడా ఒక గంట. రెండువైపులా 56తో గుణిస్తే 37x = 1295, అంటే x = 35. మొదటివాడు 10 గంటలు, రెండోవాడు 9 గంటలు నడిచారు. ఈ లెక్కకు కీలకం దూరంలో లేదు, ఆ ఒక్క గంటలో ఉంది. విద్యార్థులు తప్పేదీ సాధారణంగా అక్కడే.

19వ శతాబ్దంలో గుర్రాలు, వార్తాహరుల స్థానంలోకి రైళ్లు వచ్చాయి. 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ మార్గం, 1853లో బొంబాయి–ఠాణే మార్గం మొదలయ్యాయి. రైలుతో ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. బాటసారికి పొడవు ఉండదు, రైలుకు ఉంటుంది. ప్లాట్‌ఫారం దాటడమంటే దాని పొడవుతో పాటు రైలు పొడవూ ప్రయాణించడమే. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగంతో పోయే 150 మీటర్ల రైలు 250 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని దాటడానికి 20 సెకన్లు పడుతుంది.

సగటు వేగం దగ్గర మాత్రం పెద్దలకూ కాలు జారుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, 60తో తిరిగొస్తే సగటు 50 కాదు, 48. మెల్లగా నడిచిన వైపు ఎక్కువసేపు పడుతుంది కనుక సగటు అటు మొగ్గుతుంది. 1934లో మనస్తత్వవేత్త మాక్స్ వెర్తైమర్ ఇలాంటి చిక్కునే ఐన్‌స్టీన్‌కు పంపాడు. పాత కారు ఒక మైలు గుట్టను గంటకు 15 మైళ్ల వేగంతో ఎక్కింది. మొత్తం రెండు మైళ్లకూ సగటు 30 కావాలంటే రెండో మైలు ఎంత వేగంతో దిగాలి? తొందరపడితే 45 అనాలనిపిస్తుంది. కానీ 30 వేగంతో రెండు మైళ్లకు పట్టేది 4 నిమిషాలు, గుట్ట ఎక్కడానికే ఆ 4 నిమిషాలూ అయిపోయాయి. దిగడానికి సమయమే మిగల్లేదన్న సంగతి లెక్క వేసి చూసేదాకా తనకూ తట్టలేదని ఐన్‌స్టీన్ జవాబు రాశాడు.