కణితిలో చేరే తెల్లకణాలు: ఒక పరిశీలన పుట్టుపూర్వోత్తరాలు

శరీరంలో గాయమైన చోటికో, క్రిమి చేరిన చోటికో, కణితి పెరుగుతున్న చోటికో తెల్ల రక్తకణాలు సూక్ష్మ రక్తనాళాల గోడలను దాటి గుంపుగా చేరుకోవడాన్ని రక్షణకణాల చొరబాటు అంటారు. బయటికి ఇది వాపుగానో, ఎరుపుగానో, చీముగానో కనిపిస్తుంది. అదే చోటు నుంచి తీసిన చిన్న ముక్కకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, లేత గులాబి కణజాలం నడుమ ముదురు నీలి చుక్కలుగా ఆ కణాలు లెక్కకు అందుతాయి.

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లో కణితుల్లో తెల్లకణాలను గుర్తించి, మానని వాపు ఉన్న చోటనే క్యాన్సర్ పుడుతుందని ప్రతిపాదించాడు. విచిత్రమేమిటంటే, వాపులో కనిపించే కణాలు ఆ చోటనే పుడతాయని నమ్మిన విర్కోకు అవి రక్తం నుంచి వస్తాయన్న సంగతి అప్పటికి తెలియదు. ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసిన జూలియస్ కోన్‌హైమ్ 1867లో కప్పల మీద చేసిన ప్రయోగాల్లో తెల్లకణాలు రక్తనాళం గోడను దాటి బయటికి రావడాన్ని చూపించాడు. మరో పదిహేనేళ్లకు, 1882లో, సిసిలీ దీవిలోని మెస్సీనాలో శాస్త్రవేత్త ఇలియా మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లల దేహంలో గులాబి ముల్లు గుచ్చి, సంచరించే కణాలు దాని చుట్టూ మూగడం గమనించాడు. క్రిములను మింగే ఇటువంటి కణాలనే భక్షక కణాలంటారు.

మానని వాపుకూ క్యాన్సర్‌కూ ఉన్న ముడికి తెలుగు నేల మీద దొరికిన సాక్ష్యం ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను వెలిగించి నిప్పు ఉన్న కొసనే నోటిలో పెట్టుకుని పీల్చే అలవాటు ఉండేది. దీనిని అడ్డపొగ అంటారు. పరిశోధకులు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో ఆచారాలకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంపై రాసిన వ్యాసంలో దీనిని చర్చించారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించిన ఫలితాలను ప్రచురించారు. వేడీ పొగా ఏళ్ల తరబడి తగలడంతో అంగిలి తెల్లబడడం, లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రని చుక్కలుగా ఉబ్బడం, పుండ్లు పడడం, కొందరిలో చివరకు అది క్యాన్సర్‌గా మారడం ఈ వరుసలో కనిపిస్తాయి. మాన్పడానికి వచ్చిన కణాలు విడుదల చేసే రసాయనాలే, గాయం మళ్లీ మళ్లీ తగులుతూ ఉంటే, చుట్టుపక్కల కణాల జన్యువులకు నష్టం కలిగించి వాటి విభజనను ఉసిగొల్పుతాయి. పొగాకును నోటితో వాడే ఏ అలవాటైనా, అది చుట్ట కావచ్చు, ఖైనీ కావచ్చు, నోటి పొరలో ఇదే వాపునకు దారి తీస్తుంది.

కణితిలో చేరిన కణాలన్నీ రోగికి శత్రువులు కావు. క్యాన్సర్ కణాన్ని గుర్తించి చంపగల టీ లింఫోసైట్లు (టీ కణాలు) వాటిలో ఉంటాయి. ఆ టీ కణాలను అణచివేసే నియంత్రక కణాలు, కణితికి కొత్త రక్తనాళాలు సమకూర్చే భక్షక కణాలు కూడా వాటి పక్కనే ఉంటాయి. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన మెకార్టీ 1922లోనే లింఫోసైట్లు చేరిన కణితులున్న రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారని రాసినా, ఆ మాటకు తగిన విలువ దక్కడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 2006లో ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ గాలాన్ బృందం పెద్దపేగు క్యాన్సర్‌లో టీ కణాల రకాన్నీ, సంఖ్యనూ, కణితిలో అవి ఉన్న స్థానాన్నీ బట్టి రోగి భవిష్యత్తును అంచనా వేయవచ్చని చూపించింది.

ఇదే చొరబాటు మరికొన్ని వ్యాధుల్లో తానే వ్యాధిగా మారుతుంది. క్షయలో భక్షక కణాలూ లింఫోసైట్లూ క్రిమి చుట్టూ గడ్డకట్టి దానిని బంధిస్తాయి గాని, ఆ గడ్డ నడిభాగం కుళ్లి ఊపిరితిత్తిలో గుహలు ఏర్పడతాయి. మొదటి రకం మధుమేహంలో చొరబడిన కణాలు క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపుతాయి. కీళ్లవాతంలో కీలు లోపలి పొరలో తిష్ఠవేసి మృదులాస్థినీ ఎముకనూ తినివేస్తాయి. ఈ కీళ్లవాతానికి నేటికీ మొదట వాడే మందు మెథోట్రెక్సేట్. దీని పుట్టుకలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుది ప్రధాన పాత్ర: అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో లుకేమియా అనే రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గుతుందని 1948లో ప్రకటించాడు; అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్, వారానికి ఒకసారి చిన్న మోతాదులో ఇస్తే, కీళ్లలో చేరిన కణాలను శాంతింపజేస్తుంది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించాడు.

చొరబాటును పరిశీలించడం నుంచి దానిని మలచడానికి వైద్యం మళ్లింది ఇటీవలనే. స్టీవెన్ రోసెన్‌బర్గ్ 1988లో మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ కణితుల్లో నుంచి లింఫోసైట్లను తీసి, ప్రయోగశాలలో పెంచి తిరిగి రోగులకే ఎక్కించాడు. టీ కణాలను అదిమిపట్టే కళ్లేలను విప్పి క్యాన్సర్‌కు చికిత్స చేసే మార్గాన్ని కనుగొన్నందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి పొందారు. ఆ కళ్లేలను విప్పే నివోలుమాబ్ వంటి మందుల ధర సామాన్య రైతు కుటుంబం భరించగలిగింది కాదు. ఈ చిక్కుకు దారి చూపిన పరిశోధన ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది: ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు మూడు వారాలకోసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను చౌకైన నోటి మాత్రలకు జోడించినప్పుడు, ఏడాది తర్వాత బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ నోటి మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్.