వేములవాడ గజశాల

వేములవాడ యనగానే మనకు రాజన్న గుడియు, ధర్మగుండమును, కోడె మ్రొక్కులును జ్ఞప్తికి వచ్చును. వేయి యేండ్లకు పూర్వ మీ యూరు చాళుక్యుల రాజధాని. శాసనములలో దీనిని లేంబులపాటక మనిరి.

ఈ వంశపు కథ యేనుగులతో మొదలగును. మూలపురుషుడైన యుద్ధమల్లుడు బోధనులో నూనె నింపిన కోనేట తన యేనుగులను జలకమాడించెడివాడట! అవి యైదువంద లని పంపకవి లెక్క. కవుల లెక్కలను మనము కొంత తగ్గించి చదువుకొనవలసినదే. అయినను ఒక రాజు కీర్తిని చెప్పవలసి వచ్చినప్పుడు గెలిచిన కోటకంటె ముందుగా గజపోషణమును చెప్పుట గమనింపదగినది.

యుద్ధగజము కొనితెచ్చుకొన్ననాడే పనికివచ్చునది కాదు. ఇరువది యేండ్ల యేనుగును పట్టవలెననియు, నలువది యేండ్లది యుత్తమ మనియు కౌటిల్యుడు చెప్పెను. ముప్పది యేండ్లది మధ్యమము, ఇరువదియైదింటిది యధమము. మొదట మనిషిని మూపుపై నెక్కనిచ్చుట, కంబమునకు కట్టుబడి నిలుచుట నేర్పవలెను. యుద్ధశిక్ష యేడు విధములు. లేచుట, వంగుట, దాటుటతో ప్రారంభించి, మలగుట, సాగుట, త్రొక్కుట, ఎదిరి యేనుగుతో పోరుట, కోటపైకి నడచుట వరకు వచ్చి, చివరకు గాని రణరంగము లేదు. తొందరపడిన మావటివానికి తప్పు దిద్దుకొను నవకాశ ముండదు; బెదరిన యేనుగు వెనుకకు తిరిగి స్వపక్షమునే త్రొక్కును.

ఈ సంగతిని సూటిగా వ్రాసినవాడు సోమదేవసూరి. శిక్షలేని యేనుగులు ధనమును, ప్రాణమును హరించుటకే గాని మరెందులకును గావని నీతివాక్యామృతములో ఆయన యభిప్రాయము. ఆయన యే సేనాపతియో యనుకొందుమేమో. కాదు, అహింసావ్రతుడైన జైనముని! తన యశస్తిలకమును క్రీ. శ. 959లో, వేములవాడ రాజైన వాగరాజు కాలమున, గంగధారలో ముగించెను. కరీంనగరమునకు సమీపమున నున్న నేటి గంగాధరయే యది.

ఈ వంశమువాడే యగు బద్దెగుడు నలువదిరెండు యుద్ధములలో గెలిచి ‘సోలదగండ’ యను బిరుదు వహించెను; ఓటమి యెరుగని వీరుడని యర్థము. వేంగి భీముని నీటిలోని మొసలిని పట్టినట్లు పట్టెనని పంపకవి వర్ణించెను. నలువదిరెండు యుద్ధముల పేర్లు మనకు దక్కలేదు. వాని వెనుక నెండలో కంబముల చెంత నిలిచి యేండ్ల తరబడి నేర్పిన మావటుల పేర్లు ఏ శాసనమునకును ఎక్కలేదు. సోమదేవునకు మాత్రము 966లో మూడవ అరికేసరి, లేంబులపాటకలోని జినాలయము నిమిత్తమై, సబ్బినాటిలో నొక గ్రామ మిచ్చెను.