కృష్ణుడెవరు? కర్ణుడెవరు? – గోదావరి సీమలో పౌరాణిక పాత్రధారణ

పౌరాణిక ప్రదర్శనకు వచ్చిన తెలుగు ప్రేక్షకునికి కథ ముందే తెలుసు. అతడు తీర్పు చెప్పేది పాత్రధారణపై. ‘ఆ వేషానికి ఆయన తగునా?’ అన్న ప్రశ్నను అభిమానుల కాలక్షేపంగా తోసివేయడానికి వీలులేదు. పాత్ర గొప్పదా, నటుడు గొప్పవాడా అన్న మౌలికమైన వివాదం అందులో ఇమిడి ఉంది. గోదావరి సీమతో సంబంధమున్న నాటక, చలనచిత్రాలను వరుసగా పరిశీలిస్తే ఈ వివాదం ఎట్లా మలుపులు తిరిగిందో తెలుస్తుంది.

గోదావరి సీమలోని ఖండవల్లిలో 1867లో జన్మించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమహేంద్రవరంలో 1890 ప్రాంతంలో ‘గయోపాఖ్యానం’ రచించారు. గయుని వధిస్తానని కృష్ణుడు ప్రతిన పూనుతాడు. విషయం తెలియక గయునికి అర్జునుడు అభయమిస్తాడు. బావామరదుల మధ్య యుద్ధం తప్పనిసరి అవుతుంది. ఇరువురూ ఆరాధ్యులే కనుక ఏ ఒక్కరూ ఓడకూడదు. కాబట్టి ఈ నాటకానికి సమ ఉజ్జీలైన ఇద్దరు నటులు కావాలి. ఒకరు తేలిపోతే కథలోని ధర్మసంకటమే సడలిపోతుంది. ఆనాటి రాజమహేంద్రవర రంగస్థలంపై స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. విద్యార్థి దశలో టంగుటూరి ప్రకాశం అట్టి వేషాలు వేసినవారే. నటుని సహజరూపం కంటె పాత్రను నిలబెట్టగల నేర్పే అక్కడ ప్రమాణం.

తరువాతి మలుపు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలతో వచ్చింది. కవులిద్దరూ ఈ సీమవారే: దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది కడియం. కాంట్రాక్టు నాటకాల కాలంలో వేర్వేరు సమాజాల ప్రసిద్ధ నటులను ఒక రాత్రికి ఒకే వేదికపైకి రప్పించేవారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు వచ్చేవారు. ఈలపాట రఘురామయ్య, బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు కృష్ణ పాత్రకు పేరుపొందారు. ముఖం మారినా కృష్ణుడు మారడు. నటులను పోల్చి చూసే అవకాశం ప్రేక్షకునికి ఒకే రాత్రి లభించేది. అతడు కోరిన ‘వన్స్ మోర్’ పద్యానికి మెప్పే కాక నటునికిచ్చిన తీర్పు కూడా.

చలనచిత్రం ఈ పద్ధతిని తలక్రిందులు చేసింది. తెరపై ఒక చిత్రంలో ఒక పాత్రకు ఒకే ముఖం. అది శాశ్వతంగా నిలిచిపోతుంది. గయోపాఖ్యాన గాథతోనే కె.వి. రెడ్డి 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ తీశారు. కృష్ణుడు ఎన్.టి. రామారావు, అర్జునుడు అక్కినేని నాగేశ్వరరావు. చిలకమర్తి నాటకంలో సమత్వం కథకు అవసరం. ఇక్కడ అది ఇద్దరు అగ్రనటుల అభిమానులకూ అవసరమయింది. జయాపజయాలు తేలని ముగింపు రెండు వర్గాలకూ సమ్మతమైన సంధి. అదే ఏడు ‘నర్తనశాల’లో రామారావు అర్జునుడు కాగా కాంతారావు కృష్ణుడయ్యారు. ముఖానికీ పాత్రకూ మధ్య ముడి ఇంకా పూర్తిగా బిగుసుకోలేదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఆ ముడి 1977 సంక్రాంతికి పరీక్షకు నిలిచింది. జనవరి 14న రెండు భారత చిత్రాలు ఒకేసారి విడుదలయ్యాయి. ‘దానవీరశూరకర్ణ’లో రామారావు కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడింటినీ తానే ధరించి దర్శకత్వం వహించారు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలోని ‘కురుక్షేత్రం’లో కృష్ణ అర్జునునిగా, శోభన్‌బాబు కృష్ణునిగా, మొగల్తూరుకు చెందిన కృష్ణంరాజు కర్ణునిగా నటించారు. కాంట్రాక్టు నాటకంలో ఒక పాత్రకు పలువురు నటులుండగా, ‘కురుక్షేత్రం’లో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క తార, ‘దానవీరశూరకర్ణ’లో పలు పాత్రలకు ఒకే నటుడు. ప్రేక్షకాదరణలో ‘దానవీరశూరకర్ణ’దే పైచేయి అయింది. ‘పాత్రకు నటుడు తగునా?’ అన్న ప్రశ్న ‘నటునికి ఏ పాత్ర తగును?’ అని మారిన ఘట్టమిది.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ భారతగాథను భవిష్యత్కాలపు అద్భుతవీరుల కథతో జోడించింది. కృష్ణంరాజు సోదరుని కుమారుడు ప్రభాస్ ఇందులో కర్ణునిగా కనిపించారు. మొగల్తూరు కుటుంబానికి కర్ణ పాత్ర ఈ విధంగా రెండవసారి దక్కింది. అంతకంటె గమనార్హమైనది కృష్ణ పాత్ర. చిత్రంలో కృష్ణుడు ఉన్నాడు, మాట్లాడాడు. ముఖం మాత్రం స్పష్టంగా చూపలేదు. రామారావు ముఖం తెలుగువారి మనస్సులో కృష్ణునిగా స్థిరపడిన తరువాత మరొక ముఖాన్ని నిలపడం ఎంత కష్టమో ఈ నీడరూపం సూచిస్తున్నది.

ఒకే రాత్రి పలువురు కృష్ణులను చూసి, ఎవరి గుణం వారికి లెక్కగట్టిన ప్రేక్షకుల సీమ ఇది. ఆ ప్రేక్షకునికి పాత్ర నటుల కంటె పెద్దది. అందుకే నటుని నిర్దాక్షిణ్యంగా విమర్శించినా కృష్ణునికి లోటు రాలేదు. పాత్ర, నటుడు ఒక్కటైన చోట నటునిపై విమర్శ అపచారంగా తోస్తుంది. తెరమీది ఏకముఖత్వం వల్ల తెలుగు విమర్శ కోల్పోయింది ఆ స్వేచ్ఛనే.