టేమ్ ఇంపాలా: బృందం పేరుతో ఒక్కరి సంగీతం

టేమ్ ఇంపాలా ఆస్ట్రేలియాకు చెందిన కెవిన్ పార్కర్ సంగీత ప్రాజెక్టు. కచేరీల్లో వేదిక మీద పలువురు వాద్యకారులు కనిపిస్తారు కాబట్టి కొత్తగా వినేవారు దీన్ని రాక్ బ్యాండ్ అనుకుంటారు. కానీ ఆల్బమ్‌ల సంగతి వేరు. పాటలు కట్టడం, పాడటం, గిటార్, బేస్, డ్రమ్స్, సింథసైజర్ వాయించడం, రికార్డు చేయడం దాదాపు మొత్తం పార్కర్ ఒక్కరి పనే. ఒంటరితనాన్నే పని పద్ధతిగా మార్చుకున్న ఈ సంగీతం లక్షలాది మందికి ఎలా చేరింది, అందుకు ఆయన చెల్లించిన మూల్యం ఏమిటి అన్నదే టేమ్ ఇంపాలా ప్రస్థానంలో ఆసక్తికరమైన విషయం.

తొలి అడుగులు

పార్కర్ 1986లో సిడ్నీలో పుట్టి, దేశానికి మరో కొసన ఉన్న పెర్త్‌లో పెరిగారు. తండ్రి గిటార్ వాయించేవారు. చిన్న వయసులోనే డ్రమ్స్ నేర్చిన పార్కర్, రెండు క్యాసెట్ రికార్డర్లతో ఒక వాద్యం మీద మరో వాద్యాన్ని రికార్డు చేస్తూ ఒక్కడే బృందమంతా అయ్యే విద్య పట్టుబట్టి నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయంలో మొదట ఇంజినీరింగ్, తర్వాత ఖగోళశాస్త్రం చదివారు. 2007లో టేమ్ ఇంపాలా మొదలైంది. మరుసటి ఏడాదే మాడ్యులర్ రికార్డింగ్స్ సంస్థతో ఒప్పందం కుదరడంతో చదువు పక్కకు పోయింది.

ఆల్బమ్‌ల వరుస

1960లలో పుట్టిన సైకెడెలిక్ సంగీతం ప్రతిధ్వనులతో, సాగదీసిన స్వరాలతో, టేపును తిప్పి వినిపించే ప్రయోగాలతో వినేవారికి కలలో తేలుతున్న అనుభూతిని ఇచ్చేది. బీటిల్స్ బృందం సితార్‌ను వాడిన కాలం అదే. 2010లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ఇన్నర్‌స్పీకర్’ ఆ ధోరణిని కొత్త తరానికి వినిపించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఇంట్లో దాన్ని రికార్డు చేశారు. అమెరికాకు చెందిన డేవ్ ఫ్రిడ్‌మన్ మిక్సింగ్ చేశారు.

2012 నాటి ‘లోనరిజం’ పేరులోనే ఒంటరితనం ఉంది. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో సేదతీరుతున్న జనాన్ని ఇనుప కంచె బయటి నుంచి పార్కర్ తీసిన ఫొటోయే దాని ముఖచిత్రం. అందరూ లోపల, తాను బయట. అయితే ఇందులో కూడా ఒంటరితనం సంపూర్ణం కాదు. రెండు పాటల రచనలో సహచరుడు జే వాట్సన్ పాలుపంచుకున్నారు. మిక్సింగ్ మళ్లీ ఫ్రిడ్‌మన్‌దే.

2015లో ‘కరెంట్స్’తో పార్కర్ మలుపు తిరిగారు. గిటార్ వెనక్కి తగ్గింది, సింథసైజర్లు, నృత్యానికి అనువైన లయ ముందుకొచ్చాయి. ఈసారి మిక్సింగ్ కూడా ఆయనే చేసుకున్నారు. దాదాపు ఎనిమిది నిమిషాల ‘లెట్ ఇట్ హ్యాపెన్’ నడుమ సీడీ ఇరుక్కుపోయినట్టు ఒకే ముక్క పదేపదే వినిపిస్తుంది. పొరపాటులా అనిపించేదాన్ని పాటలో భాగం చేసిన ధైర్యం అది. రాక్ అభిమానుల్లో కొందరికి ఈ మార్పు రుచించలేదు. కానీ ‘ది లెస్ ఐ నో ది బెటర్’ ఆయన పాటల్లో అత్యధికంగా విన్నవాటిలో ఒకటైంది. 2016లో ఈ ఆల్బమ్‌లోని మరో పాటను రిహానా తన ‘యాంటీ’లో తిరిగి పాడారు.

2018 నవంబరులో కాలిఫోర్నియాలోని మాలిబు కార్చిచ్చు ఆయన అద్దెకు తీసుకున్న ఇంటిని బూడిద చేసింది. ల్యాప్‌టాప్, ఒక పాత బేస్ గిటార్ పట్టుకుని ఆయన బయటపడ్డారు. 2020లో వచ్చిన ‘ది స్లో రష్’ కాలం గురించిన ఆల్బమ్. 2009లో చనిపోయిన తండ్రిని ఉద్దేశించిన పాట కూడా ఇందులో ఉంది. ‘లోనరిజం’, ‘కరెంట్స్’, ‘ది స్లో రష్’ మూడింటికీ ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏఆర్ఐఏ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం దక్కింది.

ఇతరులతో పని

ఇంతటి ఏకాకి ఇతరులకు మంచి సహకారి కావడం విశేషం. లేడీ గాగా ‘పర్ఫెక్ట్ ఇల్యూజన్’ రచనలో, దువా లిపా 2024 ఆల్బమ్ నిర్మాణంలో ఆయన చేయి ఉంది. ఫ్రెంచి ద్వయం జస్టిస్‌తో చేసిన ‘నెవరెండర్’కు 2025లో గ్రామీ పురస్కారం వచ్చింది. తొలి గ్రామీ సొంత ఆల్బమ్‌కు కాక, మరొకరితో కలిసి చేసిన పాటకు రావడం గమనించదగ్గది.

మిగిలిన ప్రశ్న

అయిదో ఆల్బమ్ ‘డెడ్‌బీట్’ 2025 అక్టోబరులో వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో జరిగే రాత్రి నృత్యోత్సవాల స్ఫూర్తి అందులో ఉంది. ఆల్బమ్‌ల మధ్య విరామం చూస్తే రెండేళ్లు, మూడేళ్లు, తర్వాత రెండుసార్లు అయిదేళ్లు. ఇతరులతో చేసిన పనులు, అగ్నిప్రమాదం ఇందుకు కొంత కారణం. కానీ ప్రతి స్వరాన్నీ ఒక్కరే తేల్చాలంటే ఆలస్యం తప్పదు. ‘ఇక చాలు’ అని చెప్పడానికి పక్కన మరొకరు ఉండరు. టేమ్ ఇంపాలా సంగీతానికి ప్రత్యేక ముద్ర వేసిందీ, దాన్ని అరుదుగా చేసిందీ ఆ ఒంటరి పద్ధతే.