లెక్కకెక్కని బందీలు

యుద్ధఖైదీల మధ్య పై అధికారి నాయకత్వం ప్రస్తావనకు వస్తే మన సాహిత్య మిత్రులు 1957లో డేవిడ్ లీన్ తీసిన క్వాయ్ నది వంతెన సినిమానే ఉదాహరిస్తారు. అందులో కర్నల్ నికల్సన్ క్రమశిక్షణ వ్యామోహంలో పడి శత్రువుకే గట్టి వంతెన కట్టించి పెడతాడు. అది పియర్ బూల్ 1952 నాటి ఫ్రెంచి నవలలో కల్పించిన పాత్ర. చరిత్రలోని మనిషి వేరు.

ఆయన లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్ టూసీ. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనం ఖాయమైనప్పుడు వెళ్లిపొమ్మని పైనుంచి ఆజ్ఞ వచ్చినా, తన సిపాయిలను వదిలి కదలనన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో సయాం దేశపు తమర్కన్ శిబిరానికి ఖైదీల పెద్దగా చేరాడు. జబ్బుపడ్డ వారిని పనికి లాగవద్దని జపాను అధికారులతో వాదించి దెబ్బలు తిన్నాడు. అధికారుల జీతంలో కొంత తీసి రోగుల తిండికీ మందులకూ వెచ్చించే ఏర్పాటు చేశాడు. బూన్‌పాంగ్ అనే థాయి వర్తకుడి ద్వారా దొంగచాటుగా మందులు తెప్పించాడు. ఖైదీలు వంతెన కొయ్యలలోకి చెదపురుగులను వదిలారు. నికల్సన్‌కూ టూసీకీ ఉన్న అంతరం ఇది.

అయితే టూసీని పొగిడి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. ఆయన నాయకత్వం దేనిమీద నిలబడింది? వ్యక్తి సాహసం ఒక్కటే చాలదు. ఆయన వెనుక పేర్ల పట్టీ ఉంది, హోదాల వరుస ఉంది, డాక్టర్లున్నారు. ఒక్కమాటలో, ఖైదులో కూడా చెదరని నిర్మాణం ఉంది.

అదే 415 కిలోమీటర్ల రైలుమార్గం మీద ఆ నిర్మాణం లేనివారి గతి చూడండి. ఖైదీలు 60 వేల పైచిలుకు. వారిలో 12 వేలకు పైగా మరణించారు. ఆసియా కూలీలు లక్షా 80 వేలకు తక్కువ కారు. చనిపోయినవారు 80, 90 వేలని అంచనా. వారిలో మలయా రబ్బరు తోటల తమిళులు చాలామంది, తెలుగువారూ ఉన్నారు. యుద్ధంతో రబ్బరు బేరం పడిపోయి పస్తులున్న వారికి మంచి కూలి ఆశచూపి కొందరినీ, బలవంతంగా కొందరినీ తీసుకుపోయారు. తోటలో కంగాణీ, కిరాణీల పెత్తనం కింద బతికిన మనుషులు వారు. 1943లో కలరా వచ్చినప్పుడు వారి తరఫున వాదించే కర్నల్ లేడు. కాంచనబురిలో సైనికులకు పేర్లు చెక్కిన సమాధులు దాదాపు 7 వేలున్నాయి. కూలీలలో అత్యధికులకు గుర్తులేని గుంతలే మిగిలాయి.

లెక్క రాసేవాడు లేనిచోట చావు కూడా అంచనాగానే మిగులుతుంది. ఈ వాక్యం రాస్తుంటే మా ఎల్లారెడ్డిపేట గుర్తొస్తుంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి గల్ఫు లేబర్ క్యాంపులకు పోయినవారి ఇళ్లు మా చుట్టూ ఉన్నాయి. వలస కూలినీ యుద్ధబందినీ నేను ఒకే గాటన కట్టను. కానీ పరాయి దేశంలో జబ్బుపడ్డవాడి పక్షాన ఎవరు మాట్లాడతారన్న ప్రశ్న రెండుచోట్లా ఒక్కటే.

నాయకుడు ఆకాశం నుంచి ఊడిపడడు. సంఘటితమైన జనం నుంచే వస్తాడు. వంతెన మీద నిలబడ్డ కర్నల్‌ను సినిమా చూపించింది. వంతెన దాటి అడవిలో పడిపోయిన తెలుగు కూలీని చూపించే బాధ్యత మనది. కథకులూ సాహిత్య విద్యార్థులూ ఆ వలస కుటుంబాల జ్ఞాపకాలను ఇకనైనా సేకరించాలి. పేర్ల పట్టీ రాయడం కూడా రచనే.