అపహృత శిశువు, అన్వేషించే తల్లిదండ్రులు: తెలుగు కథన సంప్రదాయంలో అపహర్త స్వరూప పరిణామం

వ్యాస సంగ్రహం

అపహరణకు గురైన బిడ్డను తల్లి గాని తండ్రి గాని వెదికి విడిపించుకోవడం నేటి థ్రిల్లర్ చిత్రాల ప్రధాన ఇతివృత్తాలలో ఒకటి. ఈ ఇతివృత్తం విదేశీ చిత్రాల అనుకరణగా మాత్రమే తెలుగులోకి వచ్చిందన్న అభిప్రాయాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. భాగవత కథలు, బాలనాగమ్మ కథ, 1970 తరువాతి చలనచిత్రాలు ఆధారంగా రెండు ప్రశ్నలను పరిశీలిస్తాను. వెదకడానికి ఎవరు బయలుదేరుతారు? ఎత్తుకుపోయినవాడిని కథ ఎవరిగా ఊహిస్తుంది? రెండవ ప్రశ్నకు దొరికే సమాధానం సాహిత్యానికే పరిమితం కాదని మేడ్చల్, శామీర్‌పేట వంటి నగర శివారు ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ప్రతిపాదిస్తాను.

కీలక పదాలు: అపహరణ, అన్వేషణ, బాలనాగమ్మ, థ్రిల్లర్, నగర శివారు, అపరిచితుడు

1. ప్రవేశిక

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా తెలుగు రాష్ట్రాలలో వ్యాపించింది. ఊరికి కొత్తవారిని, మతిస్థిమితం లేనివారిని, యాచకులను పట్టుకొని కొట్టిన సంఘటనలు అనేకం జరిగాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాద్ పాతబస్తీలో గుంపు దాడికి బలైన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ భిక్షాటనకు వచ్చిన వ్యక్తి. పోయిన బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు. ఎత్తుకుపోయేవాడు ఎలా ఉంటాడో మాత్రం అందరికీ తెలుసు. ఆ 'తెలియడం' ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ వ్యాసానికి మూలప్రశ్న. ఒక్క వదంతి అంత బలంగా పనిచేయాలంటే దానికి ముందే మనసులో ఒక కథ సిద్ధంగా ఉండాలి. ఆ కథకు తెలుగులో దీర్ఘమైన చరిత్ర ఉంది.

2. భాగవతంలో వెదుకులాట

పోతన తెలుగు చేసిన దశమ స్కంధ కథలలో బిడ్డను కోల్పోవడం, తిరిగి పొందడం పలుమార్లు కనిపిస్తాయి. సాందీపని కుమారుడు ప్రభాస తీర్థంలో సముద్రం పాలైతే, గురుదక్షిణగా కృష్ణుడు యమపురి వరకు వెళ్లి బాలుణ్ణి తెచ్చి ఇస్తాడు. ఇక్కడ తల్లిదండ్రులు అడిగేవారే గాని వెళ్లేవారు కారు.

ప్రద్యుమ్నుని కథ ఇంతకంటె విలక్షణమైనది. పురిటిలోని బిడ్డను శంబరుడు ఎత్తుకుపోయి సముద్రంలో పడవేస్తాడు. చేప మింగిన శిశువు ఆ శంబరుని వంటశాలకే చేరి, మాయావతి చేతిలో పెరిగి, అపహర్తను తానే చంపి ద్వారకకు తిరిగివస్తాడు. ఎదురుగా నిలిచిన యువకుణ్ణి చూసి రుక్మిణి పోయిన బిడ్డను తలచుకొని సందేహపడుతుంది. తండ్రి కృష్ణుడు అన్నీ తెలిసీ మౌనంగా ఉంటాడు. చివరకు విషయం చెప్పేవాడు నారదుడు. తండ్రి సర్వశక్తుడైనా అన్వేషణకు పూనుకోకపోవడం ఈ కథలో గమనించవలసిన అంశం. బిడ్డ తిరిగి రావడం విధినిర్ణయం. దానికి తల్లిదండ్రుల ప్రయత్నం అవసరం లేదు.

ఉషానిరుద్ధుల కథలో పరిస్థితి మారుతుంది. నిద్రిస్తున్న అనిరుద్ధుణ్ణి చిత్రరేఖ శోణపురానికి తరలిస్తుంది; బాణుడు అతణ్ణి నాగపాశాలతో బంధిస్తాడు. కబురు తెలియగానే తాత కృష్ణుడు, తండ్రి ప్రద్యుమ్నుడు సేనలతో కోటను ముట్టడిస్తారు. ఎర్రన హరివంశంలోనూ, నాచన సోమన ఉత్తర హరివంశంలోనూ ఈ వృత్తాంతం ఉంది. చెరలో ఉన్న బిడ్డ కోసం పెద్దలు ఆయుధం పట్టే ఘట్టానికి మన సాహిత్యంలో ఇది ప్రాచీన నమూనా. అయితే అది ఒంటరి తండ్రి పోరాటం కాదు, యాదవ వంశమంతా చేసిన యుద్ధం. పైగా చెరలో ఉన్నవాడు శిశువు కాదు, ప్రేమలో పడిన యువకుడు.

3. బాలనాగమ్మ: తిరగబడిన నమూనా

జానపద కథలలో ఈ ఇతివృత్తానికి అత్యంత ప్రాచుర్యం కల్పించినది బాలనాగమ్మ కథ. బుర్రకథగా, సురభి నాటకంగా, చలనచిత్రంగా ఇది తరతరాల ప్రేక్షకులకు చేరింది. జెమినీ సంస్థ 1942లో నిర్మించిన చిత్రానికి సి. పుల్లయ్య దర్శకుడు, కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించారు. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ఇది మళ్లీ చిత్రంగా వచ్చింది.

ఈ కథలో అపహరణకు గురైనది తల్లి. వెదికి విడిపించేవాడు కొడుకు. ఉయ్యాలలో బిడ్డను విడిచి చెరలోకి పోయిన తల్లి కోసం బాలవర్ధి పెరిగి పెద్దవాడై బయలుదేరుతాడు. సైన్యంతో వెళ్లిన తండ్రి చేయలేకపోయిన పనిని, పూలమ్మే ముసలమ్మ ఇంట మనుమడిగా చేరిన బాలుడు సాధిస్తాడు. మాంత్రికుని ప్రాణం చిలుకలో ఉందని తెలుసుకొని, ఆ చిలుకను తెచ్చి అతణ్ణి హతమారుస్తాడు. బలం కంటె రహస్యం తెలియడం ముఖ్యమన్నది ఈ కథ నీతి. నేటి థ్రిల్లర్‌లో నాయకుడు ఒక్కొక్క ఆధారాన్నీ సేకరిస్తూ పోవడంలో ఈ చిలుక వెదుకులాట ఛాయ కనిపిస్తుంది.

అపహర్త రూపం మరింత కీలకమైనది. అతడు భిక్షాపాత్రతో ఇంటి ముంగిట నిలిచినవాడు. సీతాపహరణంలో రావణుని సన్న్యాసి వేషానికి ఇది కొనసాగింపు. రంగస్థలంపై అతణ్ణి 'మాయల ఫకీరు' అన్నారు. చిత్రంలో 'మాయల మరాఠీ' అయ్యాడు. పేరు మారినా స్థానం మారలేదు. రెండు పేర్లలోనూ అతడు పరాయివాడు: ఒకదానిలో మతం వల్ల, మరొకదానిలో ప్రాంతం వల్ల. అతడు యాచకుడు, సంచారి, ఊరికి చెందనివాడు. 2018 నాటి వదంతి కొత్త ముఖాన్ని సృష్టించలేదు. ఈ పాత ముఖాన్నే ఫోన్ తెరపైకి తెచ్చింది.

4. చలనచిత్రంలో మలుపులు

1972 నాటి 'పాపం పసివాడు' (దర్శకుడు వి. రామచంద్రరావు) దక్షిణాఫ్రికా చిత్రం ప్రేరణతో వచ్చింది. విమానం కూలి ఎడారిలో ఒంటరిగా మిగిలిన బాలుడి కోసం తల్లిదండ్రులు వెదకడం ఇందులోని కథ. ఇందులో అపహర్త లేడు, ఎడారే ప్రతినాయకుడు. వేదనపడటమే గాక, అన్వేషణను నడిపించేవారుగా తల్లిదండ్రులు కనిపించడం దీని ప్రత్యేకత.

1993లో రెండు పరిణామాలు ఒకేసారి కనిపిస్తాయి. డబ్బు కోసం చేసే అపహరణను ప్రత్యేక నేరంగా గుర్తిస్తూ భారత శిక్షాస్మృతిలో 364ఎ సెక్షన్ చేరింది. అదే ఏడాది శివనాగేశ్వరరావు దర్శకత్వంలో 'మనీ' విడుదలైంది. ఆ హాస్యచిత్రంలో భార్యను విడిపించుకోవలసిన భర్తే ఆమె తిరిగి రాకూడదని కోరుకుంటాడు. ఇల్లు రక్షణ, బయట ప్రమాదం అన్న విభజనను తెలుగు సినిమా నవ్వుతూనే బీటలువార్చింది.

ఈ బీట 2016 నాటి 'క్షణం' చిత్రంలో విషాదంగా విస్తరించింది. రవికాంత్ పేరేపు దర్శకత్వంలో అడివి శేష్, అదా శర్మ నటించిన ఈ చిత్రంలో ఒక తల్లి తన కూతురు అపహరణకు గురైందని చెబుతుంది. భర్తతో సహా చుట్టూ ఉన్నవారు అసలు బిడ్డే లేదంటారు. పూర్వ ప్రేమికుణ్ణి అమెరికా నుంచి రప్పించి వెదకమని ఆమె వేడుకుంటుంది. అతనూ ఆమె మాటను శంకిస్తాడు; ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఆ తరువాతే అతని అన్వేషణ నిజమైన అన్వేషణ అవుతుంది. తాను వెదికినది తన బిడ్డనేనని అతనికి చివరకు తెలుస్తుంది. బాలవర్ధి తల్లిని తెలిసి వెదికాడు. ఇక్కడ తండ్రి బిడ్డను తెలియక వెదికాడు. బాలనాగమ్మను చెరపట్టినది మాంత్రికుడి మాయ. 'క్షణం'లోని తల్లిని చెరపట్టినది ఆమె మాటను ఎవరూ నమ్మకపోవడం. ఈ చిత్రం తమిళం, హిందీ, కన్నడ భాషలలో పునర్నిర్మితం కావడం, ఈ భయం ఒక్క ప్రాంతానిది కాదని సూచిస్తుంది.

తులనాత్మకంగా 2008 నాటి 'టేకెన్'ను ఇక్కడ ప్రస్తావించాలి. పారిస్‌లో కూతురిని పోగొట్టుకున్న అమెరికా మాజీ గూఢచారి అల్బేనియా ముఠాను వేటాడుతాడు. తండ్రి నైపుణ్యం ఎంత ఆధునికమైనా, అపహర్త మాత్రం పరదేశి. నిర్మాణపరంగా ఇది మాయల ఫకీరు కథకు దగ్గర, 'క్షణం'కు దూరం. కనుక తెలుగు థ్రిల్లర్‌ను పాశ్చాత్య నమూనాకు నకలుగా పరిగణించడం సరికాదు. అపహర్తను ఇంటిలోపల, పరిచితుల మధ్య వెదకడంలో అది తనదైన మార్గం పట్టింది.

5. శివారు అనే కథాస్థలం

శైలేష్ కొలను దర్శకత్వంలో 2020లో వచ్చిన 'హిట్: ది ఫస్ట్ కేస్' హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై ఒక యువతి అదృశ్యం కావడంతో మొదలవుతుంది. రోడ్డుపై ఆమెకు సాయపడబోయిన పోలీసు అధికారే తొలి అనుమానితుడవుతాడు. జానపద కథలోని అడవి స్థానాన్ని ఇక్కడ నగరాన్ని చుట్టిన 158 కిలోమీటర్ల రహదారి ఆక్రమించింది. ఆ వలయానికి ఉత్తరపు వంపులో మేడ్చల్, శామీర్‌పేట ఉన్నాయి. మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి నాగపూర్ వైపు, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగుతాయి. ఎవరు ఎటు నుంచి వచ్చి ఎటు పోయారో తెలియని కూడళ్లు ఇవి. థ్రిల్లర్ రచయితకు కావలసిన స్థలం ఇంతకంటె ఏముంటుంది?

అయితే ఈ ప్రాంతానికి మరొక ముఖం ఉంది. మేడ్చల్ పారిశ్రామికవాడలు, శామీర్‌పేట చుట్టూ విస్తరించిన జీనోమ్ వ్యాలీ, టీకాల కర్మాగారాలు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారి శ్రమ లేనిదే ఇవి నడవవు. చెరువు గట్టున పాత ఊరు, దాని పక్కనే కొత్త కాలనీ, ఆ పక్కనే వలస కూలీల రేకుల గదులు. ఇక్కడ అపరిచితుడు అప్పుడప్పుడు వచ్చేవాడు కాదు, నిత్యం పక్కింట ఉండేవాడు. ఇటువంటి చోట మాయల ఫకీరు కథను అక్షరాలా నమ్మితే, బిడ్డను వెదుక్కుంటూ వచ్చిన కూలీయే అపహర్తగా కనిపించవచ్చు. వలస వచ్చినవారికీ పిల్లలున్నారు. ఆ పిల్లలూ తప్పిపోతారు. భాష రాని తల్లి వచ్చి తన బిడ్డ కనిపించడం లేదంటే నమ్మేవారెవరన్నది 'క్షణం' వేసిన ప్రశ్నే. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు బచ్‌పన్ బచావో ఆందోళన్ వ్యాజ్యంలో ఆదేశించింది. ముందు తల్లి మాటను నమ్మి, ఆ తరువాత విచారించాలన్నదే ఆ ఆదేశపు సారం.

6. ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, అన్వేషణ విధి చేతి నుంచి వంశం చేతికి, అక్కడి నుంచి ఒంటరి మనిషి చేతికి మారింది. రెండు, అపహర్త గుమ్మం బయటి భిక్షుకుని నుంచి గుమ్మం లోపలి పరిచితునిగా మారాడు. మూడు, ఈ రెండవ మార్పు సినిమాలో జరిగినంతగా సామాజిక ఊహలో జరగలేదు; 2018 సంఘటనలు అందుకు నిదర్శనం.

ఆ ఏడాది జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి వదంతులను ఎదుర్కోవడానికి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, జానపద గీతాలు పాడించారు. ఏ మౌఖిక సంప్రదాయం మాయల ఫకీరు ముఖాన్ని ఇంటింటికీ చేర్చిందో, ఆ సంప్రదాయమే ఆ ముఖంపై అనుమానాన్ని తొలగించడానికి అక్కరకు వచ్చింది. కథ చేసిన గాయాన్ని మాన్పవలసినదీ కథే. బాలనాగమ్మ కథను నేడు బోధించే ఉపాధ్యాయులు, ప్రదర్శించే కళాకారులు చిలుకలోని ప్రాణం గురించి చెప్పినంత శ్రద్ధగా, భిక్షాపాత్ర పట్టుకున్న ప్రతివాడూ మాంత్రికుడు కాడన్న మాటను కూడా చెప్పవలసి ఉంది.